జయప్రకాశ్ నారాయణ్

ఈ వ్యాసం లోక్‌నాయక్‌గా ప్రసిద్ధి చెందిన బీహారు నాయకుని గురించినది. లోక్‌సత్తా వ్యవస్థాపకుడు జయప్రకాశ్ నారాయణ వేరు.

జయప్రకాశ్ నారాయణ్ (1902 అక్టోబరు 11 - 1979 అక్టోబరు 8) భారత స్వాతంత్ర్య సమరయోధుడు, సోషలిస్టు నాయకుడు, సర్వోదయ కార్యకర్త. జె.పి. అనే పొడి అక్షరాలతో ఎక్కువగా ప్రసిద్ధుడు. రాజకీయ పార్టీల వలన పౌరుడు కేవలం ఓటరుగా మిగిలిపోతున్నాడని భావించి పార్టీరహిత ప్రజాస్వామ్యాన్ని ప్రతిపాదించాడు. అయితే 1977లో ఒక కొత్త పార్టీ పుట్టుకకూ, అది అధికారంలోకి రావడానికీ ముఖ్య కారకుడు కూడా ఈయనే.

తొలి జీవితం

బీహారు, ఉత్తరప్రదేశ్ సరిహద్దులలోని సితాబ్ దియారా గ్రామంలో జన్మించాడు. 1920లో ప్రభావతితో వివాహం జరిగింది. సహాయ నిరాకరణోద్యమ కాలంలో పాట్నాలో కళాశాల చదువు మానివేశాడు. 1922లో అమెరికా వెళ్ళి, పొలాలలోనూ కర్మాగారాలలోనూ కూలిపని చేసుకుంటూ చదివి, సమాజశాస్త్రంలో ఎం.ఏ. పట్టా పొందాడు. మార్క్సిస్టుగా మారింది కూడా అక్కడే. 1929లో స్వదేశానికి తిరిగివచ్చి కాంగ్రెసులో చేరాడు. 1932లో మద్రాసులో అరెస్టయి నాసిక్ జైలుకు వెళ్ళాడు. 1934లో ఆచార్య నరేంద్రదేవ్ తదితరులతో కలిసి కాంగ్రెస్ సోషలిస్టు పార్టీని స్థాపించాడు. 1942 నవంబరులో దీపావళి రాత్రి మరి అయిదుగురితో కలిసి హజారీబాగ్ జైలు గోడ దూకి తప్పించుకోవడంతో ఆయన పేరు దేశమంతటా మారుమ్రోగింది.

పార్టీ రాజకీయాల నుండి నిష్క్రమణ

సోషలిస్టులు 1948లో కాంగ్రెసును వీడారు. 1952 సార్వత్రిక ఎన్నికలలో సోషలిస్టు పార్టీకి పది శాతానికి పైగా ఓట్లు వచ్చినా, లోక్‌సభలో దక్కినవి 12 స్థానాలు మాత్రమే. ఓటమి తరువాత పార్టీలో తగవులు ముదిరాయి. ఈలోగా 1951లో తెలంగాణలోని పోచంపల్లిలో మొదలైన భూదానోద్యమం ఆయనను ఆకర్షించింది. 1954లో బోధ్‌గయలో తన జీవితాన్ని ఆ ఉద్యమానికి అంకితం చేస్తున్నట్లు ప్రకటించాడు. 1957లో ప్రజా సోషలిస్టు పార్టీ సభ్యత్వాన్ని కూడా వదులుకున్నాడు.

పార్టీరహిత ప్రజాస్వామ్యం

భారత రాజకీయ వ్యవస్థ పునర్నిర్మాణంపై 1959లో వెలువరించిన రచనలో ఆయన తన వాదాన్ని వివరించాడు. అయిదేళ్ళకొకసారి, అదీ పార్టీలు నిలబెట్టిన వారిలో ఒకరికి ఓటువేయడంతో పౌరుని పని ముగుస్తున్నదని, మిగిలిన కాలంలో అతనికి పాలనతో సంబంధం ఉండటం లేదని ఆయన విమర్శ. ప్రజల ఉదాసీనతకు మూలం వారి స్వభావంలో కాక ఈ ఏర్పాటులోనే ఉన్నదని ఆయన అభిప్రాయం. పార్టీల పోటీ గ్రామాలను నిలువునా చీలుస్తున్నదనీ భావించాడు. దీనికి మారుగా, పెద్దలందరూ సభ్యులుగా ఉండే గ్రామసభ మూలంగా, పంచాయతీ, సమితి, జిల్లా పరిషత్తుల మీదుగా రాష్ట్ర, కేంద్ర స్థాయిల వరకూ పరోక్ష ఎన్నికలు జరగాలని సూచించాడు. పార్టీ లేని రాజకీయం అనే ఆలోచన కొత్తది కాదు, ఎం.ఎన్.రాయ్ 1948లోనే తన పార్టీని రద్దుచేసుకున్నాడు.

ఈ ప్రతిపాదనకు విమర్శలు రాకపోలేదు. గ్రామంలో భూమి, కులబలం ఉన్నవారి మాటే ఏకాభిప్రాయంగా చెలామణి అవుతుందని, పరోక్ష ఎన్నికలలో సామాన్యుని ఓటు మరింత దూరమవుతుందని విమర్శకులు వాదించారు. నిజానికి ఈ ఆక్షేపణకు జె.పి. రచనలలో సంతృప్తికరమైన సమాధానం కనిపించదు.

బీహారు ఉద్యమం, అత్యవసర పరిస్థితి

అధిక ధరలు, అవినీతి, నిరుద్యోగాలపై 1974 మార్చిలో బీహారు విద్యార్థులు ఆందోళన ప్రారంభించి, నాయకత్వం వహించమని ఆయనను కోరారు. ఉద్యమం అహింసాయుతంగా సాగాలన్న షరతుతో ఆయన అంగీకరించాడు. జూన్ 5న పాట్నా గాంధీ మైదానంలో సంపూర్ణ విప్లవానికి పిలుపునిచ్చాడు. ఓటర్లకు తమ ప్రతినిధిని వెనుకకు పిలిపించే హక్కు ఉండాలన్నాడు. ఊరూరా ప్రజా సంఘర్ష సమితులు ఏర్పరచమన్నాడు. రాయ్ అనుయాయి వి.ఎం.తార్కుండే వంటివారితో కలిసి సిటిజన్స్ ఫర్ డెమోక్రసీ అనే సంస్థను కూడా ఆ ఏడాదే నెలకొల్పాడు.

అయితే ఉద్యమానికి కార్యకర్తల బలం చాలావరకు ప్రతిపక్ష పార్టీల నుండే వచ్చింది. బలమైన నిర్మాణం కలిగిన జనసంఘ్, ఆర్.ఎస్.ఎస్.లతో కలిసి పనిచేయడంపై పాత మిత్రులు కొందరు అభ్యంతరం తెలిపారు. ఎన్నికలలోనే తేల్చుకుందామన్న ఇందిరాగాంధీ సవాలును 1974 నవంబరులో ఆయన స్వీకరించడంతో పార్టీరహిత ఉద్యమం ఎన్నికల బాట పట్టినట్లయింది. ఎన్నికైన శాసనసభను వీధి ఆందోళనతో రద్దుచేయమనడం ప్రజాస్వామ్యమేనా అన్న ప్రశ్న కూడా అప్పుడు తలెత్తింది.

1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి విధించబడింది. మరునాడు తెల్లవారకముందే ఆయనను అరెస్టు చేశారు. నిర్బంధంలో మూత్రపిండాలు చెడిపోగా నవంబరులో విడుదల చేశారు. ఆ తరువాత జీవితాంతం డయాలసిస్‌పైనే ఆధారపడ్డాడు.

జనతా ప్రయోగం

1977 జనవరిలో ఎన్నికలు ప్రకటించగా, ప్రతిపక్షాలు ఒకే పార్టీగా ఏర్పడాలని పట్టుబట్టాడు. అలా ఏర్పడిన జనతా పార్టీ కేంద్రంలో అధికారంలోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 స్థానాలలో 41 కాంగ్రెసుకే దక్కాయి. జనతా తరఫున నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కడే గెలిచాడు. ప్రధానమంత్రి ఎవరనే విషయాన్ని పార్టీ సభ్యులు ఓటుతో తేల్చుకోలేదు; ఆ నిర్ణయాన్ని జె.పి., ఆచార్య కృపలానీలకు వదిలివేయగా వారు మొరార్జీ దేశాయిని ఎంపికచేశారు. నిర్ణయాధికారం క్రింది నుండి పైకి రావాలని రెండు దశాబ్దాలు బోధించిన వ్యక్తి చేతుల మీదుగానే ఇది జరగడం గమనార్హం.

ముఠాతగాదాలతో ఆ ప్రభుత్వం 1979 జూలైలో పతనమైంది. అంతకుముందు మార్చిలో జె.పి. మరణించాడన్న తప్పుడు వార్తను ప్రధాని పార్లమెంటులో ప్రకటించగా సభ సంతాపం కూడా తెలిపింది. ఆయన అక్టోబరు 8న పాట్నాలో కన్నుమూశాడు.

తరువాతి కాలం

1992లో ఆమోదం పొందిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించింది. శాసనసభ, పార్లమెంటు సభ్యులను వెనుకకు పిలిచే హక్కు మాత్రం చట్టం కాలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సర్పంచి ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండానే జరుగుతాయి, కానీ ఏ అభ్యర్థి ఏ పార్టీవాడో సాధారణంగా ఊరందరికీ తెలిసే ఉంటుంది.

జె.పి.కి 1965లో రామన్ మెగసెసే పురస్కారం, మరణానంతరం 1999లో భారతరత్న లభించాయి. పాట్నా విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు.