గోనెపట్టా నుండి గురుపీఠమునకు

అజ్ఞానమును పోగొట్టుటకై వెలసినది విద్యాలయము. ఆ విద్యాలయమే పుట్టుకను బట్టి ఒక బాలుని ముందు వరుసను, మరియొక బాలుని గది మూలను కూర్చుండబెట్టినచో, పిల్లలు పుస్తకములోని పాఠముకంటె ముందుగా ఆ భేదమునే నేర్తురు. ఆ చేదును బాల్యముననే చవిచూచి, దానిని దేశమునుండి తొలగించుటకు జీవితమంతయు ధారపోసిన మహనీయుడు డాక్టర్ భీమరావు రాంజీ అంబేద్కరు. రాజ్యాంగ నిర్మాతగా ఆయనను ఎరుగనివారు లేరు. కాని విద్యార్థిగా, అధ్యాపకుడుగా, కళాశాలల స్థాపకుడుగా ఆయన నడచిన త్రోవ ఉపాధ్యాయులును విద్యార్థులును మరింత శ్రద్ధతో తెలిసికొనదగినది.

అంబేద్కరు 1891 ఏప్రిల్ 14వ తేదీన మధ్యభారతములోని మౌ సైనికస్థావరమునందు జన్మించెను. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యములో సుబేదారు; సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా కూడ పనిచేసినవాడు. చదువు విలువ తెలిసినవాడగుటచే బిడ్డలను తెల్లవారుజామున లేపి చదివించుచుండెను. కాని వారిది అస్పృశ్యులుగా ఎంచబడిన మహర్ కులము. తండ్రి ఉద్యోగము గాని, కుమారుని తెలివి గాని ఆ ముద్రను చెరుపజాలకపోయెను.

సాతారా పాఠశాలలో భీమరావు తక్కిన బాలురతో కలిసి కూర్చుండరాదు. గదిలో ఒక మూల గోనెపట్టా పరచుకొని కూర్చుండవలెను. గది ఊడ్చువాడు ఆ పట్టాను ముట్టడు గనుక సాయంకాలము దానిని ఇంటికి మోసికొనిపోయి, మరునాటి ఉదయము మరల తెచ్చుకొనవలెను. దప్పిక గొన్నప్పుడు తక్కిన బాలురు తామే కొళాయి త్రిప్పుకొని నీరు త్రాగుదురు. భీమరావునకు ఆ స్వాతంత్ర్యము లేదు. ఉపాధ్యాయుని అనుమతిపై బంట్రోతు వచ్చి కొళాయి త్రిప్పవలెను. బంట్రోతు లేని దినమున నీరు లేదు. అదే ఊరిలో ఒక బ్రాహ్మణోపాధ్యాయుడు తన ఫలహారములో కొంత ఆ బాలునికి పెట్టుచుండెను. ఆ దయను అంబేద్కరు కడవరకు మరువలేదు. ఒక గురువు చూపిన ఆదరము బాలుని మనస్సులో ఎంతకాలము నిలుచునో దీనివలన తెలియుచున్నది.

కుటుంబము బొంబాయికి తరలిన పిదప ఆయన ఎల్ఫిన్‌స్టన్ ఉన్నత పాఠశాలలో చేరెను. అది ప్రభుత్వ పాఠశాల, మహానగరములోనిది. అయినను అచ్చట కూడ ఉపాధ్యాయుడు ఒకనాడు లెక్క చేయుటకై ఆయనను నల్లబల్ల యొద్దకు పిలువగా, తరగతిలో కలకలము చెలరేగెను. నల్లబల్ల వెనుక తమ ఫలహారపు డబ్బాలున్నవి. అవి మైలపడునని బాలురు పరుగెత్తి వానిని తీసివేసిరి. పిమ్మటనే భీమరావు సుద్దముక్క చేపట్టవలసివచ్చెను. సంస్కృతము చదువగోరెను గాని, నేర్పువారు లేక పారసీకమును గైకొనెను. తరువాతి కాలమున స్వయంకృషితో సంస్కృతమును అభ్యసించెను. 1907లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. ఆ సందర్భమున జరిగిన అభినందన సభలో మరాఠీ రచయిత కృష్ణాజీ అర్జున్ కేళూస్కరు తాను రచించిన బుద్ధచరిత్రను ఆ యువకునకు బహూకరించెను.

బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ నెలకు 25 రూపాయల విద్యార్థివేతనము మంజూరు చేయగా అంబేద్కరు ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదువు కొనసాగించెను. ఆచార్య ముల్లర్ ఆయనకు పుస్తకములిచ్చెను, దుస్తులిచ్చెను. కాని కళాశాలలోని ఫలహారశాల నడపువాడు ఆయనకు తేనీరు గాని, మంచినీరు గాని ఈయడయ్యెను. 1912లో బి.ఏ. పట్టము పొంది, 1913లో మహారాజు సహాయముతోనే అమెరికాకు వెళ్ళి, న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయములో చేరెను.

అచ్చట ఆయనకు క్రొత్త లోకము కనబడెను. తోటి విద్యార్థులతో ఒకే బల్ల యొద్ద భుజించెను. ఒక పారసీక మిత్రునితో ఒకే వసతిగృహమున నివసించెను. గ్రంథాలయమున దినమునకు అనేక గంటలు గడపెను. ఆర్థికశాస్త్రమున సెలిగ్మన్, తత్త్వశాస్త్రమున జాన్ డ్యూయీ ఆయన గురువులు. 1915లో ఎం.ఏ. పట్టము పొంది, 1916లో భారతదేశమునందలి కులవ్యవస్థ పుట్టుపూర్వోత్తరములపై ఒక పరిశోధన వ్యాసమును విద్వద్గోష్ఠిలో చదివెను. అనంతరము లండనుకు వెళ్ళి చదువు ప్రారంభించెను గాని, విద్యార్థివేతనపు గడువు ముగియుటచే 1917లో స్వదేశమునకు తిరిగి రావలసివచ్చెను.

విద్య సంపాదించినచో అవమానము దానంతట అదే తొలగునని పలువురి నమ్మకము. అంబేద్కరు జీవితము ఆ నమ్మకమును ప్రశ్నించుచున్నది. బరోడా సంస్థానమున ఉద్యోగములో చేరినప్పుడు బంట్రోతులు దస్త్రములను ఆయన చేతికి ఈయక, దూరమునుండి బల్లపై విసరుచుండిరి. ఊరిలో ఉండుటకు ఇల్లు దొరకలేదు. పారసీకుల సత్రమున పేరు మార్చుకొని తల దాచుకొనగా, పదునొకండవ దినమున కొందరు కఱ్ఱలతో వచ్చి వెడలగొట్టిరి. రెండు ఖండములలో చదివివచ్చిన పండితుడు ఒక చెట్టు నీడను కూర్చుండి కన్నీరు కార్చెను.

1918 నవంబరులో బొంబాయిలోని సిడెన్‌హామ్ కళాశాలలో అర్థశాస్త్రాచార్యుడుగా నియుక్తుడయ్యెను. మొదట ఆయనను అలక్ష్యము చేసిన విద్యార్థులు, పాఠము వినినకొలది ఆకర్షితులైరి. ఇతర కళాశాలలవారు సైతము అనుమతి పొంది వచ్చి వినుచుండిరి. పాండిత్యము విద్యార్థుల మనస్సులను గెలిచెను. కాని అధ్యాపకుల గదిలో నీళ్ళకుండ యుండెను. ఆ కుండనుండి ఆయన నీరు త్రాగుటకు సహాధ్యాపకులలో కొందరు అభ్యంతరము చెప్పిరి. సాతారాలో బంట్రోతు కొరకు ఎదురుచూచిన బాలునకును, సిడెన్‌హామ్‌లో గురుపీఠమెక్కిన ఆచార్యునకును నీటి విషయమున భేదము లేకపోయెను. ఒక్క వ్యక్తి ఎంత ఎత్తునకు ఎదిగినను, అతడున్న సంస్థ మారనిచో అన్యాయము నిలిచియే యుండునని ఆయన గ్రహించెను.

ఆ గ్రహింపే ఆయన కార్యక్రమమునకు మూలము. ఆచార్యపదవిలో నుండగనే, 1919 జనవరిలో సౌత్‌బరో సంఘము ఎదుట అస్పృశ్యుల పక్షమున సాక్ష్యమిచ్చెను. 1920 జనవరిలో మూక్‌నాయక్ పత్రికను నెలకొల్పుటకు తోడ్పడెను. మూగవారి నాయకుడని దాని యర్థము. లండనులో మిగిలిపోయిన చదువును పూర్తిచేసి, 1923లో డి.యస్‌సి. పట్టముతో తిరిగి వచ్చి, మరుసటి సంవత్సరమే బహిష్కృత హితకారిణి సభను స్థాపించెను. ఆ సభ షోలాపురములో విద్యార్థులకొక వసతిగృహము తెరచెను. 1927 మార్చి 20వ తేదీన మహాడ్‌లో వేలాది జనముతో చవదార్ చెరువునకు నడచి, ఆ నీటిని దోసిట పట్టి త్రాగెను. ఎప్పుడో పాఠశాలలో నిరాకరింపబడిన హక్కును నాడు అందరి యెదుట తీసికొనెను.

అంబేద్కరు అవమానమును దాచలేదు; దూషణతో బదులు చెప్పియు ఊరుకొనలేదు. జరిగినది జరిగినట్లు, స్థలముతో, కాలముతో వ్రాసిపెట్టెను. వీసా కొరకు నిరీక్షణ అను అర్థము వచ్చు ఆంగ్ల నామముతో ఆయన స్వహస్తముతో వ్రాసిన చిన్న గ్రంథము ఆయన మరణానంతరము 1990లో అచ్చయ్యెను. అందు ఆరు భాగములు కలవు. నాలుగు తన అనుభవములు; రెండు ఇతరులవి. వానిలో నొకటి కాఠియావాడలోని ఒక అస్పృశ్య ఉపాధ్యాయుని మొర. బాలింతయైన అతని భార్యకు జబ్బు చేయగా వైద్యుడు ఆమెను ముట్టి పరీక్షింప నిరాకరించెను, ఆమె మరణించెను. ఆ ఉపాధ్యాయుడు నోరు మూసికొని యుండక జరిగినది పత్రికకు వ్రాసెను. అతడు వ్రాసెను గనుకనే అంబేద్కరు దానిని భద్రపరచగలిగెను. నేటికిని లోకము దానిని చదువగలుగుచున్నది. అన్యాయమునకు ఆచారమను పేరు పెట్టి ఊరుకొన్నచో అది వర్ధిల్లును. దానికి తేదీ వేసి, వివరము వ్రాసి, అడుగవలసిన చోట అడిగినచో అది సాక్ష్యమగును.

సాక్ష్యమును శాసనముగా మార్చు అవకాశము కూడ ఆయనకు లభించెను. 1935లో బొంబాయి ప్రభుత్వ న్యాయకళాశాలకు ప్రిన్సిపాలయ్యెను. 1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడై, షెడ్యూల్డు కులముల ఇబ్బందులను వివరించు విజ్ఞాపన పత్రమును సమర్పించెను. 1944లో ఆరంభమైన మెట్రిక్ అనంతర విద్యార్థివేతనముల పథకము ఆయన కృషి ఫలితము. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగములో 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసెను. ప్రభుత్వము నడపు విద్యాసంస్థలలో గాని, ప్రభుత్వ ధనసహాయము పొందు వానిలో గాని కేవలము మతము, జాతి, కులము, భాష అను కారణములచే ఎవరికిని ప్రవేశము నిరాకరింపరాదని 29వ అధికరణము శాసించెను.

శాసనముతోనే ఆయన తృప్తి చెందలేదు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాలను, 1950లో అప్పటి హైదరాబాదు రాష్ట్రములోని ఔరంగాబాదులో కళాశాలను నెలకొల్పెను. రెండవది మిళింద కళాశాలగా ప్రసిద్ధి కెక్కెను. ఆ కళాశాలల ద్వారములు ఒక్క కులమునకు గాక అన్ని కులములకును తెరువబడెను. పగలు ఉద్యోగము చేసికొను పేదలకై సిద్ధార్థలో ఉదయకాల తరగతులు నడపబడెను. తనను దూరముంచిన కళాశాలలకు ఆయన చెప్పిన సమాధానమది. 1953లో ఉస్మానియా విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటుతో ఆయనను సత్కరించెను.

1956 అక్టోబరు 14న నాగపురములో బౌద్ధమును స్వీకరించి, ఆ సంవత్సరమే డిసెంబరు 6న ఢిల్లీలో అంబేద్కరు కన్నుమూసెను. తరువాత 1989లో అత్యాచారముల నిరోధక చట్టము వచ్చెను. 2012లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము రూపొందించిన నిబంధనలు, ప్రతి ఉన్నత విద్యాసంస్థలోను సమాన అవకాశ విభాగము, వివక్షపై ఫిర్యాదులు విను అధికారి యుండవలెనని విధించెను.

అయినను నిబంధన తరగతి గదిలోనికి తానై నడచి రాజాలదు. మూల కూర్చున్న బాలుని చూచి ముందునకు పిలుచువాడు గురువు. తోటివానికి జరిగిన అవమానమును కండ్లార చూచినవాడు సహవిద్యార్థి. ఆ గురువు చూడనట్లు నటించినను, ఆ సహవిద్యార్థి మౌనము వహించినను, ఫిర్యాదు పెట్టె ఖాళీగనే యుండును. గోనెపట్టా మూలనే యుండును. వారు చూచినది చూచినట్లు చెప్పిన నాడు, అంబేద్కరు ఒంటరిగా మోసిన భారము పదిమంది భుజములపైకి చేరి తేలికయగును.