జాన్ లోగీ బెయిర్డు

గత సంవత్సరము మా పాఠశాల గ్రంథాలయపు బీరువాలను శుభ్రపరచుచుండగా ఒక పాత వీడియో క్యాసెట్టు దొరకెను. దాని అట్టమీద వార్షికోత్సవము, 1989 అని సిరాతో వ్రాసియుండెను. దానిని చూడవలెనని విద్యార్థులందరును కుతూహలపడిరి. పూర్వవిద్యార్థి యొకరు తమ యింటనున్న పాత క్యాసెట్టు యంత్రమును తెచ్చియిచ్చిరి. కాని ఆ యంత్రము వెనుక పసుపు, తెలుపు రంగుల గుండ్రని రంధ్రములుండగా, తరగతిలోని క్రొత్త పలుచని తెరకు అట్టివి లేవు, హెచ్.డి.ఎమ్.ఐ. అను బల్లపరుపు రంధ్రము మాత్రమే కలదు. ఇక నిది పనికిరాదు గనుక పారవేయుదుమా యని తొమ్మిదవ తరగతి బాలుడొకడు మమ్ము నడిగెను. అతనికి ప్రత్యుత్తరముగా ఆనాడు తరగతిలో మేము చెప్పిన చరిత్రనే యిచ్చట వ్రాయుచున్నాము.

స్కాట్లండు దేశపు పడమటి తీరమున హెలెన్స్‌బరా అను చిన్న పట్టణము గలదు. అచ్చట 1888 ఆగస్టు 13వ తేదీన జాన్ లోగీ బెయిర్డు జన్మించెను. తండ్రి ఆ పట్టణములోని యొక సంఘమునకు కాపరి. నలుగురు బిడ్డలలో ఇతడు కడపటివాడు. బాల్యమునుండియు దేహదార్ఢ్యము లేదు. కొంచెము చలిగాలి తగిలినను మంచము పట్టుచుండెను. అయినను చేతులు ఊరకుండెడివి కావు. తన యింటినుండి చుట్టుప్రక్కల మిత్రుల యిండ్లకు తీగలు లాగి టెలిఫోనులు అమర్చెను. తండ్రిగారి యింట విద్యుద్దీపములను వెలిగించెను.

పెద్దవాడై గ్లాస్గో నగరమునందలి సాంకేతిక కళాశాలలోను, పిమ్మట విశ్వవిద్యాలయములోను విద్యుచ్ఛాస్త్రము నభ్యసించెను. 1914లో మహాయుద్ధము వచ్చుటచే విశ్వవిద్యాలయ పట్టము పొందుట పొసగలేదు. సైన్యములో చేరబోగా శరీరము తగదని త్రోసివేసిరి. అంతట నొక విద్యుత్ కంపెనీలో ఉద్యోగమునకు కుదిరెను. ఆ పని విడిచిన తరువాత ఇతడు పట్టిన వ్యాపారములు పెక్కు. పాదములకు వెచ్చదన మిచ్చు మేజోళ్లు అమ్మెను. ట్రినిడాడు దీవికి పోయి పండ్ల మురబ్బా కాచబోగా, బానల చుట్టును పురుగులు మూగి పని సాగనీయలేదు. లండనుకు మరలివచ్చి సబ్బులు అమ్మెను. ఒకటి కొంత నిలద్రొక్కుకొనునప్పటికి జబ్బు వచ్చి అడ్డుపడుచుండెను. ముప్పదియైదేండ్ల ప్రాయమున, 1923లో, చేత ధనము లేక, ఒంట ఆరోగ్యము లేక, సముద్రతీరమునందలి హేస్టింగ్సు పట్టణమున బస చేసెను. ఎన్నడో మనసున నాటుకొనిన తలంపు ఒకటి అప్పుడే మొలకెత్తెను. ధ్వనిని దూరమునకు పంపుచున్నారు. బొమ్మను పంపరాదా అనునదే ఆ తలంపు.

బొమ్మ నెట్లు పంపుదురో విద్యార్థులు ముందుగా గ్రహింపవలెను. నేతగాడు చీర కొంగున హంసను నేయునప్పుడు హంసనంతటిని ఒక్కమారుగా పెట్టజాలడు. పేక పోగులను ఒకదాని తరువాత నొకటి వేయుచుండగా, కడకు హంస ఏర్పడును. అట్లే బొమ్మను వరుసలుగా విడదీసి, ఒక్కొక్క వరుసలోని వెలుగునీడలను విద్యుత్తుగా మార్చి తీగలో పంపవలెను. అవతలివైపున అదే లెక్కతో, అదే వేగముతో వరుసలను మరల పేర్చవలెను. ఇవతల ముప్పది పోగులు వేయగా అవతల నలుబదిగా లెక్కించినచో, హంసకు బదులు చిక్కుపడిన నూలే మిగులును. 1884లోనే జర్మనీలో పాల్ నిప్కో అను నతడు, సుడి తిరిగిన రంధ్రములు గల చక్రముతో బొమ్మను వరుసలుగా విడదీయవచ్చునని చెప్పి పేటెంటు పుచ్చుకొనియుండెను. కాని ఆ చక్రముతో సజీవమైన ముఖమును చూపినవా రప్పటికి లేరు.

బెయిర్డు తన యంత్రమును కొనలేదు, ఏరి తెచ్చుకొనెను. పాత టీ పెట్టె, టోపీ పెట్టె, సైకిలు దీపముల అద్దములు, సూదులు, లక్క, దారము ఇవియే అతని సామగ్రి. 1924లో పని చేయుచుండగా వేయి వోల్టులకు మించిన విద్యుత్తు తగిలి చేయి కాలెను. ప్రాణము దక్కెను గాని, ఇంటి యజమాని గది ఖాళీ చేయుమనెను. పెట్టెలు మూటగట్టుకొని లండనులోని ఫ్రిత్ వీధిలో 22వ నంబరు యింటి పై అంతస్తు చేరెను. కూటికి గడచుటయే కష్టముగానుండిన ఆ దినములలో, 1925 మార్చి నెలలో సెల్ఫ్రిడ్జి అను గొప్ప అంగడిలో మూడు వారములపాటు తన యంత్రమును ప్రదర్శించి కొంత సొమ్ము సంపాదించెను. కాని అందు కనబడినవి నల్లని నీడలు మాత్రమే.

అదే సంవత్సరము అక్టోబరు 2వ తేదీన, యంత్రము ముందుంచిన కొయ్యబొమ్మ యొక్క ముఖము తెరపై వెలుగునీడలతో స్పష్టముగా కనబడెను. ఆ దీపముల వేడిమికి మనుష్యులు చాలసేపు తాళలేరు గనుకనే అన్నాళ్లును కొయ్యబొమ్మను వాడుచుండెను. బెయిర్డు ఆనందము పట్టలేక మెట్లు దిగి పరుగెత్తి, క్రింది కార్యాలయములో పనిచేయు విలియం టెయింటన్ అను కుర్రవానిని పిలిచి తెచ్చి యంత్రము ముందు కూర్చుండబెట్టెను. కుర్రవాడు వేడిమికిని వెలుతురుకును జడిసి ప్రక్కకు జరుగగా, కొంత రొక్క మిచ్చి మరల కూర్చుండబెట్టవలసివచ్చెను. 1926 జనవరి 26వ తేదీన రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభ్యులు సుమారు నలుబదిమంది ఆ యిరుకు మేడ మెట్లెక్కి వచ్చి, ఒక గదిలోని ముఖము మరియొక గదిలో కదలుట కన్నులార చూచిరి. 1927లో టెలిఫోను తీగమీద లండనునుండి గ్లాస్గోకును, 1928 ఫిబ్రవరిలో అట్లాంటికు మహాసముద్రము దాటించి అమెరికాకును అతడు బొమ్మలను పంపెను. ఆ సంవత్సరము జూలైలో రంగుల బొమ్మను సహితము చూపెను.

అతని బొమ్మకు వరుసలు ముప్పదియే. అంతకంటె హెచ్చు ఏల పెట్టలేదని విద్యార్థు లడుగవచ్చును. ఆనాటి రేడియో కేంద్రములు ధ్వనికొరకు కట్టినవి. అంతకు మించిన బరువును అవి మోయజాలవు. క్రొత్తదానిని పాత దారిలోనే నడిపింపవలసివచ్చినందున, ఆ దారి వెడల్పుకు తగినట్లు బొమ్మను కుదించెను. 1929 సెప్టెంబరు 30వ తేదీనుండి బి.బి.సి. వారి ప్రసార కేంద్రము ద్వారా ఆ చిన్న నారింజవన్నె బొమ్మలు ఇండ్లకు పోసాగెను. 1931లో డెర్బీ గుఱ్ఱపు పందెములను సహితము ప్రసారము చేసిరి. ఆ యేడే సంగీత విద్వాంసురాలగు మార్గరెట్ ఆల్బూ అను ఆమెను వివాహమాడెను. వారికి ఒక కుమార్తెయు, ఒక కుమారుడును గలిగిరి.

ముప్పది వరుసల బొమ్మ ధ్వనివంటిదే గనుక, దానిని గ్రామఫోను పళ్లెముపై గీయవచ్చునని బెయిర్డు తలచి, 1927, 1928 సంవత్సరములలో అట్టి పళ్లెములను కొన్నింటిని చేసెను. గీయుటయైతే గీసెను గాని, వానినుండి చూడదగిన బొమ్మను మరల రాబట్టుట సాధ్యము కాలేదు. ఆ పళ్లెములు మూలపడెను. వాని సంగతి పిమ్మట చెప్పెదము.

1936 నవంబరు 2వ తేదీన లండనులోని అలెగ్జాండ్రా ప్యాలెసునుండి బి.బి.సి. వారు క్రమమైన ప్రసారములు ప్రారంభించిరి. బెయిర్డు కంపెనీవారి 240 వరుసల పద్ధతియు, మార్కోనీ-ఇ.ఎమ్.ఐ. కంపెనీవారి 405 వరుసల పద్ధతియు మార్చి మార్చి పరీక్షకు నిలిచెను. చక్రములు లేక ఎలక్ట్రానులతోనే పనిచేయు రెండవ కెమెరా తేలిక, చురుకు గలది. నవంబరు 30వ తేదీ రాత్రి క్రిస్టల్ ప్యాలెసు అగ్నికి ఆహుతి కాగా, అందున్న బెయిర్డు కంపెనీవారి ప్రయోగశాల సామగ్రి చాలవరకు దగ్ధమాయెను. 1937 ఫిబ్రవరినుండి అతని పద్ధతిని విడిచిపెట్టిరి. తాను తెరచిన ద్వారముననే తన్ను వెలుపల నిలిపిన రీతి నుండెను.

ఇంతటితో అతడు క్రుంగిపోవలసినది. అట్లు జరుగలేదు. తన చక్రము ఓడినదని యొప్పుకొని, తానును ఎలక్ట్రాను గొట్టములవైపునకు తిరిగెను. రెండవ మహాయుద్ధము వలన 1939లో ప్రసారములు నిలిచిపోగా, సొంత ధనముతో రంగుల టెలివిజను పరిశోధన సాగించెను. 1941లో 600 వరుసల రంగుల బొమ్మను, 1944 ఆగస్టులో పూర్తిగా ఎలక్ట్రానులతో పనిచేయు రంగుల గొట్టమును చూపెను. యుద్ధానంతరము వేయి వరుసల రంగుల టెలివిజను రావలెనని ప్రభుత్వ సంఘమునకు సలహా యిచ్చెను. 1946 జూన్ 7వ తేదీన బి.బి.సి. ప్రసారములు మరల ఆరంభమయ్యెను. ఆ నెల 14వ తేదీననే, ఏబదియేడేండ్ల ప్రాయమున, బెక్స్‌హిల్ పట్టణమున బెయిర్డు తనువు చాలించెను. హెలెన్స్‌బరా శ్మశానవాటికలో తలిదండ్రుల చెంత అతనిని సమాధి చేసిరి.

ఇక ఆ పళ్లెముల సంగతి. బెయిర్డు మరణించిన ముప్పదియైదేండ్లకు, 1981 ప్రాంతమున, డొనాల్డ్ మెక్లీన్ అను స్కాట్లండు దేశీయుడు వాని ధ్వనిని కంప్యూటరులోనికి ఎక్కించి, వరుసలను ఓపికతో లెక్కించి, తప్పిన వేగమును సరిచేసి, పోగులను మరల పేర్చెను. 1927 సెప్టెంబరులో గీసిన బొమ్మయు, 1928 మార్చిలో తల త్రిప్పుచున్న యొక స్త్రీ ముఖమును తెరపై ప్రత్యక్షమయ్యెను. గీసినవాడు చూడజాలని బొమ్మలను అర్ధశతాబ్దము గడచిన తరువాత లోకము చూచెను. బొమ్మ పళ్లెములో చావలేదు; చదువగలవానికొరకు వేచియుండెను.

మా క్యాసెట్టు కథయు నిట్టిదే. అందలి బొమ్మకు 625 వరుసలు. అవి సెకనుకు 25 బొమ్మలుగా, ఎడతెగని అలల రూపమున తీగలో వచ్చును. దీనినే అనలాగ్ అందురు. మా క్రొత్త తెరకు 1080 వరుసలు. అది అంకెలను మాత్రమే గ్రహించును. ఒకరి భాష మరియొకరికి తెలియదు. ఈ ఇరువురి నడుమ దుబాసివలె నిలుచు చిన్న పెట్టె అంగడిలో దొరకును. అది ఆ అలలను సెకనుకు కోటికిపైగా పర్యాయములు కొలిచి, అంకెలుగా వ్రాసి, వరుసలను పెంచి హెచ్.డి.ఎమ్.ఐ. తీగ ద్వారా తెరకు అందించును. కొనువారు రెండు సంగతులు గమనింపవలెను. హెచ్.డి.ఎమ్.ఐ.నుండి పాత తీగలకు మార్చు పెట్టెలును అదే ఆకారమున నుండును. అవి మనకు పనికిరావు. మరియు పాత బొమ్మ నాలుగు పాళ్ల వెడల్పునకు మూడు పాళ్ల ఎత్తు గలది. క్రొత్త తెర నింపవలెనని దానిని సాగదీసినచో ముఖములు ఉబ్బినట్లు కనబడును. ఇరుప్రక్కల ఖాళీ విడుచుటయే మంచిది. పెట్టె ఎన్ని వరుసలు పెంచినను, ఆనాడు గ్రహింపని వివరమును తేజాలదు. ఉన్నదానిని మాత్రము నమ్మకముగా అందించును.

క్యాసెట్టును మెల్లగా త్రిప్పి, ఆ బాలునిచేతనే తీగలు పెట్టించితిమి. తెర కొంచెము వణకి నిలిచెను. పాత చర్చి ప్రక్క పందిరి, రంగుకాగితముల తోరణములు, బహుమతుల బల్ల కనబడెను. బల్ల వెనుక తెల్లచీరతో నిలుచున్నది మాకు ఆరవ తరగతిలో లెక్కలు నేర్పిన ఉపాధ్యాయిని. ఆమె ప్రభువునందు నిద్రించి ఇరువదియేండ్లకు పైనైనది. ఆమె చేతినుండి పుస్తకము నందుకొని, నమస్కరించుట మరచి పరుగెత్తిన బాలుని చూచి తరగతి అంతయు నవ్వెను. ఆ బాలు డెవరో మేము కొంతసేపు చెప్పలేకపోయితిమి.

తలిదండ్రులకు మా మనవి యొకటి. మీ యిండ్లలో పెండ్లిండ్ల క్యాసెట్టులు, పెద్దల మాటలు గల టేపులు ఉన్నయెడల, తెరకు పట్టలేదని పారవేయకుడు. తేమ, బూజు తగులని చోట భద్రపరచుడు. వాని ఆయుష్షు తీరకముందే అంకెల రూపమున ప్రతి తీయించుడు. విద్యార్థులకు చెప్పునది బెయిర్డు జీవితమే చెప్పుచున్నది. మేజోళ్లు, మురబ్బా, సబ్బు, చక్రము వరుసగా చేజారినను అతడు పని విడువలేదు. పనికిరాదని మూలపడిన పళ్లెములే కడకు అతనికి సాక్ష్యమిచ్చినవి.