ఊరి పేర్ల కోసం ఊరూరా తిరిగిన జాన్ ఓడోనవన్

మన సభ్యులలో సర్వే, రెవిన్యూ శాఖలలో పనిచేసినవారికి ఈ పెద్దమనిషి కథ నచ్చుతుందని నా నమ్మకం. ఆయన గొలుసు పట్టి భూమి కొలవలేదు. ఊళ్ల పేర్లు సరిచూశారు.

ఐర్లండులో భూమిపై స్థానిక పన్ను సక్రమంగా వేయడానికి 1824లో కల్నల్ కోల్బీ ఆధ్వర్యంలో సర్వే మొదలైంది. (కోల్బీ రూపొందించిన కొలత బద్దలనే 1830లో ఎవరెస్ట్ దొర మన దేశానికి తెచ్చాడు.) మైలుకు ఆరు అంగుళాల చొప్పున పటాలు తయారుచేయాలి. టౌన్‌లాండ్లనే చిన్న చిన్న గ్రామ విభాగాలు అరవై వేలకు పైగా ఉన్నాయి. జనం పలికేది గేలిక్ పేరు, పటం మీద వేయవలసింది ఇంగ్లీషు అక్షరాలు. ఒక్కో పాత దస్తావేజులో ఒక్కో స్పెల్లింగు!

ఓడోనవన్ 1806లో కిల్కెన్నీ జిల్లాలో రైతు కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. సర్వే అధికారి లార్కమ్‌కు గేలిక్ నేర్పిన గురువు ఆయనే. 1830లో ఆ శాఖలోనే ఉద్యోగంలో చేరారు.

పని ఎంత చిక్కో ఒక ఉదాహరణ చెబుతాను. గేలిక్‌లో 'కిల్' అంటే చర్చి, 'కొయిల్' అంటే అడవి. ఇంగ్లీషులో రెండూ 'కిల్' అయిపోయాయి. ఆఫీసులో కూర్చుంటే ఏది ఏదో తేలదు. ఆ ఊరి ముసలివాళ్లు పలికితే చెవితో వినాలి, పాత చర్చి గోడలో, శ్మశానమో ఉందేమో కళ్లతో చూడాలి. ఓడోనవన్ వానలో, బురదలో నడిచి వెళ్లి అదే చేశారు. పేర్ల పుస్తకాలలో పాత స్పెల్లింగులు, గేలిక్ రూపం, అర్థం రాసి, పటానికి తగిన రూపం సూచించేవారు. రాత్రి బసలో కూర్చుని ఆనాటి విశేషాలు డబ్లిన్ కార్యాలయానికి ఉత్తరాలు రాసేవారు.

పటం మీద మిగిలింది ఇంగ్లీషు రూపమే. మచిలీపట్నం మసులిపటం అయినట్లే అర్థం కనుమరుగైంది. ఇందులో ఆయనకూ భాగం ఉందని అనేవారున్నారు, కాదనలేం. కానీ అర్థం దొరికే చోటు కూడా ఆయన పుస్తకాలే. 1845 నుంచి వచ్చిన కరువులో సుమారు పది లక్షలమంది చనిపోయారు, అంతమందీ వలసపోయారు. గేలిక్ మాట్లాడే పల్లెలే ఎక్కువగా ఖాళీ అయ్యాయి. పదేళ్లు ఆలస్యమైతే అడగడానికి ఆ ముసలివాళ్లు ఉండేవారు కారు.

ఖర్చు ఎక్కువవుతోందని ఈ పరిశోధన విభాగాన్ని 1842లో మూసేశారు. ఆఫీసుల తీరు ఎక్కడైనా ఒకటే! ఓడోనవన్ మాత్రం ఊరుకోలేదు. 1845లో గేలిక్ వ్యాకరణం ప్రచురించారు. 'నలుగురు ఆచార్యుల వృత్తాంతాలు' అనే పాత చరిత్రను 1848-51 మధ్య ఏడు సంపుటాలుగా పరిష్కరించారు. ఆ అడుగు నోట్సులో స్థల నామాల జ్ఞానమంతా పోశారు.

తర్వాత తోడల్లుడు ఓకరీతో కలిసి ప్రాచీన ఐరిష్ న్యాయ గ్రంథాలకు అనువాదం మొదలుపెట్టారు. 1861 డిసెంబరులో డబ్లిన్‌లో ఓడోనవన్ కన్నుమూశారు, మరుసటి ఏడు ఓకరీ పోయారు. ఆ గ్రంథం మొదటి సంపుటం 1865లో గాని వెలువడలేదు.