హక్కుదారు ఎవరు? జమీందారీ రైతు పక్షాన ఆంధ్రకేసరి న్యాయ పోరాటం

ద్వారక (దిల్లీ): దేశ రాజధానిలో ఉద్యోగరీత్యా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ద్వారక చిరపరిచితమైన చిరునామా. ఒకనాడు పప్పన్ కలాన్ అని పిలిచిన ఈ ప్రాంతంలో సహకార గృహనిర్మాణ సంఘాల భవంతులు వరుసలు కట్టి నిలిచాయి. వాటిలో అద్దెకు దిగేవారు సాధారణంగా పదకొండు నెలల ఒప్పందంపై సంతకం చేస్తారు. ఆ సంతకంతో అద్దెదారుకు దక్కే హక్కు ఎంత, యజమానికి మిగిలే అధికారం ఎంత అన్న సందేహం చాలామందికి వివాదం తలెత్తినప్పుడే కలుగుతుంది. ఇల్లు గానీ పొలం గానీ, సొంతదారు ఒకరు, అనుభవదారు మరొకరు అయినచోట ఈ సందేహం తప్పదు. తెలుగునాట దీనికి చట్టపరమైన సమాధానం వెదకడానికి శ్రమించిన న్యాయవాది టంగుటూరి ప్రకాశం పంతులు. తుపాకులకు ఎదురొడ్డిన ఆంధ్రకేసరిగా ఆయన అందరికీ తెలుసు. జమీందారీ రైతుల హక్కులపై ఆయన రూపొందించిన నివేదిక మాత్రం అంతగా ప్రచారానికి నోచుకోలేదు.

పూటకూళ్ల ఇంటి నుంచి లండన్ దాకా

ప్రకాశం 1872 ఆగస్టు 23న ఒంగోలు సమీపంలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. తండ్రి గోపాలకృష్ణయ్య చిన్ననాడే మరణించారు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పెంచారు. బాలుడిలోని చురుకుదనాన్ని గుర్తించిన ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అతణ్ని రాజమహేంద్రవరానికి తీసుకువెళ్లి చదివించారు. ప్రకాశం ద్వితీయ శ్రేణి ప్లీడరుగా వృత్తి ఆరంభించి, రాజమహేంద్రవరంలో పేరు సంపాదించి, పురపాలక సంఘ అధ్యక్ష పదవిని కూడా నిర్వహించారు.

ద్వితీయ శ్రేణి ప్లీడరుకు హైకోర్టులో వాదించే అర్హత లేదు. ఆ పరిమితిని అధిగమించాలన్న పట్టుదలతో ఆయన 1904లో ఇంగ్లండు వెళ్లి బారిష్టరు పరీక్షలు పూర్తిచేసి, 1907లో తిరిగివచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు ప్రారంభించారు. కొద్దికాలంలోనే అగ్రశ్రేణి న్యాయవాదులలో ఒకరై విశేషంగా ఆర్జించారు. 1921లో గాంధీజీ పిలుపుతో ఆ వృత్తిని విడిచిపెట్టి, స్వరాజ్య పత్రికను స్థాపించి, కూడబెట్టిన సంపదనంతా దానికి ధారపోశారు. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్ రాకకు నిరసనగా మద్రాసులో జరిగిన ప్రదర్శనలో పోలీసు తుపాకీకి ఛాతీ చూపిన ఘట్టంతో ఆంధ్రకేసరి అన్న బిరుదు స్థిరపడింది. అయితే ఆయనలోని న్యాయవాదికి అసలైన పరీక్ష 1937లో ఎదురైంది.

1802 నాటి చిక్కుముడి

ఆ ఏడాది మద్రాసు రాజధానిలో రాజాజీ నాయకత్వాన కాంగ్రెస్ మంత్రివర్గం ఏర్పడింది. ప్రకాశం రెవెన్యూ మంత్రి అయ్యారు. అప్పటికి ఉత్తర సర్కారుల్లో భూమిలో పెద్దభాగం జమీందారీల కింద ఉండేది. ఈస్టిండియా కంపెనీ 1802లో శాశ్వత శిస్తు నిర్ణయ పద్ధతిని తెచ్చి, జమీందారులు ప్రభుత్వానికి చెల్లించవలసిన పేష్కషును ఎన్నటికీ మారని మొత్తంగా ఖరారు చేసింది. కానీ రైతు జమీందారుకు చెల్లించే శిస్తుకు అంతటి కచ్చితమైన హద్దు గీయలేదు. అంటే పైవాడి బాకీ స్థిరం, కిందివాడి బాకీ అస్థిరం. పైగా శిస్తు బకాయికి న్యాయస్థానం గడప తొక్కకుండానే పంటను జప్తు చేసుకునే అధికారం జమీందారులకు దక్కింది.

1865 చట్టం జమీందారు పట్టా ఇవ్వాలని, రైతు ముచ్చిలిక రాసివ్వాలని నిర్దేశించింది. ఎవరు ఎంత భూమిని ఎంత శిస్తుకు అనుభవిస్తున్నారో కాగితం మీద ఉండాలన్నది దాని ఉద్దేశం. నేటి అద్దె ఒప్పంద పత్రం నెరవేర్చే పని కూడా సరిగ్గా ఇదే. 1908లో వచ్చిన మద్రాసు ఎస్టేటు భూముల చట్టం మరో ముందడుగు వేసింది. జిరాయితీ భూమిని సాగుచేసే రైతుకు శాశ్వత సాగు హక్కు ఉంటుందని గుర్తించి, శిస్తు పెంపునకు పరిమితులు విధించి, ఇష్టం వచ్చినట్లు బేదఖలు చేయడానికి వీల్లేదని చెప్పింది.

అయినా చిక్కు విడిపోలేదు. జమీందారు సొంత కమతానికి ఆ రక్షణ వర్తించదు. అందువల్ల ఫలానా భూమి జిరాయితీయా, కమతమా అన్నదే వ్యాజ్యాలకు మూలమైంది. సాగునీటి వనరుల మరమ్మతు, అడవిలో కలప, పశువుల మేత, మామూళ్ల వసూలు అంతులేని తగాదాలయ్యాయి. జమీందారు వద్ద వకీళ్లు, దస్తావేజులు ఉండేవి. రైతు వద్ద ఉన్నది తరతరాల అనుభవం మాత్రమే.

ప్రకాశం సంఘం తీర్పు

ఈ పరిస్థితిని విచారించడానికి ఉభయ సభల సభ్యులతో ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. దానికి అధ్యక్షత వహించినది ప్రకాశం. సంఘం జమీందారీ ప్రాంతాలలో పర్యటించి, రైతుల నుంచి, జమీందారుల నుంచి సాక్ష్యం సేకరించి, కంపెనీ కాలపు దస్త్రాలను పరిశీలించి, 1938లో నివేదిక సమర్పించింది.

ఆ నివేదిక సారాంశాన్ని సామాన్య పరిభాషలో చెప్పుకోవచ్చు. భూమికి యజమాని రైతే. జమీందారు ప్రభుత్వం తరఫున శిస్తు వసూలు చేయడానికి నియమితుడైన మధ్యవర్తి మాత్రమే. 1802లో జమీందారు పేష్కషు శాశ్వతంగా ఖరారైనప్పుడు రైతు శిస్తు కూడా దానితోపాటే ఖరారైనట్లు భావించాలి. ఆ తరువాత పెంచినదంతా అక్రమమే కనుక శిస్తులను తిరిగి ఆనాటి స్థాయికి తగ్గించాలి. సంఘ సభ్యులందరూ దీనికి సమ్మతించలేదు. కొందరు భిన్నాభిప్రాయం నమోదు చేశారు. నూట ముప్ఫై ఏళ్లకు పైగా న్యాయస్థానాలు, కచేరీలు నడిచిన బాటను ఒక్క నివేదికతో మళ్లించడం సాధ్యమా అన్న సంశయం కాంగ్రెస్ లోపల కూడా వినిపించింది. ఆస్తి వివాదాల్లో ఆరితేరిన ప్రకాశం మాత్రం వాదనను కరుణ మీద నిలబెట్టలేదు. రైతుపై జాలి చూపమని అడగలేదు. పాత శాసనాలను అర్థం చేసుకున్న తీరే తప్పని నిరూపించడానికి పూనుకున్నారు. దయ నేడు ఉండి రేపు పోవచ్చు, హక్కు అలా పోదన్నది ఆ పద్ధతి వెనుక ఉన్న తర్కం.

చేజారిన సమయం

శాసనసభ నివేదికను చర్చించింది. అది చట్టరూపం దాల్చేలోగా రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. 1939 అక్టోబరులో కాంగ్రెస్ మంత్రివర్గం రాజీనామా చేసింది. ప్రకాశం సంఘం సిఫార్సులు కాగితాలుగానే మిగిలాయి. 1940 ఏప్రిల్ 1న శ్రీకాకుళం ప్రాంతపు మందస జమీందారీలో రైతులపై జరిగిన పోలీసు కాల్పుల్లో సాసుమాను గున్నమ్మ ప్రాణాలు కోల్పోయారు. అక్కడి తగవు జమీందారీ అడవిలోని కలప గురించే. సంఘం విచారించిన సమస్యలలో అదీ ఒకటి. చట్టం ఆలస్యమైతే మూల్యం ఎవరు చెల్లిస్తారో ఆ ఘటన తేటతెల్లం చేసింది.

1946 ఏప్రిల్‌లో ప్రకాశం మద్రాసు ముఖ్యమంత్రి అయ్యారు. పార్టీలోని విభేదాల వల్ల పదకొండు నెలలు గడవకముందే, 1947 మార్చిలో పదవి నుంచి వైదొలగవలసి వచ్చింది. ఆయన హయాంలోనే, 1946 అక్టోబరు నుంచి, మద్రాసు భవనాల లీజు, అద్దె నియంత్రణ చట్టం అమలులోకి వచ్చింది. యుద్ధకాలపు ఉత్తర్వుల స్థానంలో వచ్చిన ఈ చట్టం పట్టణ అద్దెదారుకు రక్షణ కల్పించింది. న్యాయమైన అద్దెను అధికారి నిర్ణయించడం, అద్దె బకాయి, అనుమతి లేకుండా మరొకరికి అద్దెకివ్వడం, యజమాని సొంత అవసరం వంటి నిర్దిష్ట కారణాలు లేనిదే ఖాళీ చేయించరాదనడం ఈ తరహా చట్టాలకు మూలసూత్రాలు. 1960లో ఆంధ్రప్రదేశ్ తెచ్చుకున్న భవన నియంత్రణ చట్టం కూడా ఇదే బాటలో నడిచింది.

జమీందారీల విషయానికొస్తే, 1947లో శిస్తు తగ్గింపు చట్టం, 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాయి. అప్పటికి ప్రకాశం పదవిలో లేరు. ఆయన సంఘం జమీందారును వసూలుదారుగా నిర్వచించిన పదేళ్లకు ఆ మధ్యవర్తి వ్యవస్థే రద్దయింది.

మిగిలిన వెలితి

నివేదికకు ఒక పరిమితి ఉంది. అది జమీందారుకు, పట్టాదారు రైతుకు మధ్య ఉన్న తగవును విచారించింది. ఆ పట్టాదారు కింద కౌలుకు దున్నేవారి గురించి, కూలీల గురించి అంత లోతుగా ఆలోచించలేదు. రైతును యజమానిగా ప్రకటించగానే, అతని పొలాన్ని కౌలుకు చేసేవాడు కొత్త యజమాని ముందు పాత స్థితిలోనే నిలబడ్డాడు. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి ప్రకాశం తొలి ముఖ్యమంత్రి అయ్యారు. మద్యనిషేధం అంశంపై 1954 నవంబరులో ఆ ప్రభుత్వం పడిపోయింది. కౌలుదార్లకు రక్షణనిచ్చే ఆంధ్ర కౌలుదారీ చట్టం 1956లో గానీ రాలేదు. మరుసటి సంవత్సరం, 1957 మే 20న, ప్రకాశం హైదరాబాద్‌లో కన్నుమూశారు. లక్షలు ఆర్జించిన బారిష్టరు చివరి రోజుల్లో ఆస్తి అంటూ లేకుండా గడిపారు. ఆయన పేరు నేడు ఒక జిల్లాకు, కృష్ణానదిపై ఒక బ్యారేజీకి ఉంది.

ఆయన లేవనెత్తిన ప్రశ్న మాత్రం కాలం చెల్లలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు రైతుకు దక్కేది పదకొండు నెలల ఒప్పందం, అదీ యజమాని సమ్మతితోనే. ద్వారకలోని అద్దెదారు సంతకం చేసేదీ పదకొండు నెలలకే. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలన్న నిబంధనే ఇందుకు ముఖ్య కారణం. 1958 నాటి దిల్లీ అద్దె నియంత్రణ చట్టం నెలకు రూ.3,500 దాటిన అద్దెలకు వర్తించదు. ఆ పరిమితిని 1988లో విధించారు. నేటి అద్దెల్లో అధిక భాగం దానికి వెలుపలే ఉంటాయి. అటువంటివారికి ఆధారం ఆస్తి బదిలీ చట్టం, తాము రాసుకున్న ఒప్పందం మాత్రమే. నోటీసు గడువు, ధరావతు, మరమ్మతుల బాధ్యత, అద్దె పెంపు, ఏది ఎలా ఉండాలన్నా పత్రంలో స్పష్టంగా రాసుకోవాలి, చెల్లించిన ప్రతి మొత్తానికీ రసీదు ఉంచుకోవాలి. జమీందారీ రైతుల్లో పట్టా చేతిలో ఉన్నవాడే కచేరీలో నిలబడగలిగాడు. ప్రకాశం జీవితం నేర్పే న్యాయపాఠం అదే.