ఎమీ జాన్సన్ - రెండవ లైసెన్సు

విమానము నడప నేర్చినవారు లోకమున ఎందరో కలరు. నేర్చిన విద్యయే జీవనోపాధి కావలెనని తలచి, దానికి తోడుగా మరియే అర్హతను సంపాదింపవలెనో, అందులకు సొమ్ము ఎట్లు సమకూర్చుకొనవలెనో తెలియక తల్లడిల్లినవారును తక్కువ కారు. 1929 వేసవిలో ఎమీ జాన్సన్ స్థితి అట్టిదే. ఆమె నాడు చేసికొన్న నిర్ణయము యొక్క ఫలము మరుసటి ఏటనే లోకమునకు తెలిసినది.

ఎమీ 1903 జూలై 1వ తేదీన ఇంగ్లండు తూర్పుతీరమందలి హల్ రేవుపట్టణమున జన్మించినది. తండ్రి చేపల వర్తకుడు, కలిగిన కుటుంబమే. ఆమె షెఫీల్డు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము చదివి బి. ఏ. పట్టమును పొంది, లండనులో విలియం చార్లెస్ క్రోకర్ అను న్యాయవాది కార్యాలయమున ఉద్యోగమునకు కుదిరినది. ఉత్తరములు టైపు చేయుట, కాగితములు సర్దుట. ఇదియే ఆ పట్టభద్రురాలి నిత్యకృత్యము.

1928లో ఆమె లండన్ ఏరోప్లేన్ క్లబ్బున చేరినది. ప్రభుత్వము 1925 నుండి ఇట్టి క్లబ్బులకు ధనసహాయము చేయుచుండుటచే అక్కడి రుసుము సామాన్యోద్యోగులకును కొంతవరకు అందుబాటులో నుండెను. ఆ ఏడు సెప్టెంబరులో మొదటి పాఠము జరిగినది. ఈ విద్య ఆమెకు అబ్బదని తొలి శిక్షకుడు తేల్చివేసెనట! ఒంటరిగా విమానమెక్కుటకు పూర్వము ఆమెకు దాదాపు పదునారు గంటల శిక్షణ అవసరమైనది. అది చురుకైన విద్యార్థి లెక్క కాదు. అయినను 1929 జూలైలో 'ఎ' తరగతి లైసెన్సు చేతికి వచ్చినది.

చిక్కు అక్కడనే ఆరంభమైనది. 'ఎ' లైసెన్సు కలవారు స్వంత వినోదమునకు విమానము నడుపవచ్చును గాని, కూలి పుచ్చుకొని నడుపరాదు. అందులకు 'బి' లైసెన్సు వలయును. దానికి గంటల కొలదిగా ఒంటరి విమానయానానుభవము చూపవలెను, రాత్రివేళ నడిపియుండవలెను. ఒక్కొక్క గంటను వెలపెట్టి కొనుటయే. టైపు యంత్రముమీద సంపాదించు జీతమునకు అది మోయరాని బరువు. పైగా అంత వెచ్చించి 'బి' సాధించినను, స్త్రీని నమ్మి విమానమును అప్పగించు కంపెనీ ఏది?

విమానశాలలో వేరొక ద్వారమును ఆమె చూచినది. యంత్రములను పరీక్షించి, అవి ఎగురుటకు తగియున్నవని సంతకము చేయు గ్రౌండ్ ఇంజనీరులకును లైసెన్సులుండెను. వానిలో 'సి' తరగతి ఇంజనుకు సంబంధించినది. దానికి విమానయానపు గంటలు కొననక్కరలేదు; ఒళ్లు వంచి పనిచేసిన చాలును. బ్రిటనులో అంతవరకు ఏ స్త్రీయు దానిని పొందియుండలేదు. ఎమీ దానినే ఎన్నుకొన్నది. డబ్బు లేనివారి ఎన్నిక వలె ఇది కనబడును గాని, ఇంతకంటె దూరదృష్టి గల ఎన్నిక లేదనియే చెప్పవలెను.

స్టాగ్ లేన్ విమానాశ్రయమున జాక్ హంఫ్రీస్ ప్రధాన ఇంజనీరు. ఎమీ కార్యాలయమునకు పోకముందు తెల్లవారుజామున, మరల సాయంకాలమున, అతనివద్ద పనిచేయుచుండెను. చమురు మరకలు, పానాలు, విప్పిన సిలిండర్లు! పనివారు మొదట వింతగా చూచి, పిదప జానీ అను మగపేరుతో పిలిచి తమలో కలుపుకొనిరి. కొంతకాలమునకు ఆమె ఉద్యోగము మానుకొన్నది. తండ్రి పంపు సొమ్ముతో పూర్తికాలము యంత్రశాలలోనే గడపినది. పెరిగిన కుమార్తె జీతమును వదలి ఇంజనులు విప్పుటకు పోవుచుండ, ఆ వర్తకుడు సొమ్ము పంపుట సామాన్యవిషయము కాదు. 1929 డిసెంబరులో 'సి' లైసెన్సు లభించినది.

ఇక ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగురవలెనని సంకల్పించినది. విమానమునకై ఎందరినో అర్థించి భంగపడి, తుదకు చమురు వ్యాపారి వేక్‌ఫీల్డు ప్రభువు కొంత, తండ్రి కొంత ఇచ్చుకొనగా, 600 పౌనులకు పాత జిప్సీ మాత్ ఒకటి కొన్నది. తండ్రి చేపల వ్యాపారపు గుర్తైన 'జేసన్' అను పేరే దానికి పెట్టినది.

1930 మే 5వ తేదీన క్రోయ్‌డన్ నుండి బయలుదేరినది. పగలెల్లను ఎగిరి, దిగినచోటనెల్ల రాత్రి నిదుర మాని ఇంజనును తానే శుభ్రపరచుకొనెడిది. బాగుచేయువానికై వెదకనక్కరలేదు; వానికి కూలి చెల్లించు పనియు లేదు. ఆరవనాటికి కరాచీ చేరినది. ఇంగ్లండునుండి అంత త్వరగా అచటికి అంతకుముందెవ్వరును ఒంటరిగా వచ్చియుండలేదు. మరునాడు పెట్రోలు చాలక ఝాన్సీలో సైనికుల కవాతు మైదానమున దిగినపుడు రెక్క దెబ్బతిన్నది; దానిని సరిచేసికొని అలహాబాదు మీదుగా కలకత్తా చేరి, రంగూనుకు సాగినది.

మన తెలుగువారు వేలకొలదిగా కూలిపనులు చేసికొనుచుండిన ఆ రంగూను సమీపమున ఇన్సేన్ అను చోట వానలో దారి తెలియక ఆటమైదానమున దిగగా, జేసన్ గుంటలో పడి ప్రొపెల్లరు విరిగినది, రెక్క చినిగినది. అక్కడి సాంకేతిక పాఠశాల ఉపాధ్యాయులును విద్యార్థులును సాయపడిరి. మొదటి ప్రపంచయుద్ధమున మిగిలిన విమానపు వస్త్రముతో కుట్టిన చొక్కాలు కొన్ని అక్కడ నుండుటచే, వానిని విప్పి రెక్కకు అతికిరి! అదనపు ప్రొపెల్లరును ఆమె ముందుచూపుతో విమానము ప్రక్కన కట్టుకొనియే వచ్చియుండెను. కాని కాలము గడచినది. 1928లో హింక్లర్ పదునైదు దినములలో చేసిన ఆ ప్రయాణమునకు ఆమెకు ఇరువది దినములు పట్టినవి. మే 24వ తేదీన డార్విన్‌లో దిగినపుడు, ఇంగ్లండునుండి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరివచ్చిన తొలి స్త్రీ ఆమెయే. డెయిలీ మెయిల్ పత్రిక 10,000 పౌనులిచ్చినది.

1931లో టోకియోకు ఎగిరినపుడు ప్రక్కన కూర్చుండిన తోడు ఎవరనుకొన్నారు? ఇంజను విప్పుట నేర్పిన హంఫ్రీసే.

తరువాతి సాహసములు, వైమానికుడు జిమ్ మాలిసన్‌తో వివాహము, 1938లో విడాకులు పత్రికలకెక్కిన కథలే. యుద్ధకాలమున ఆమె విమానములను స్థావరములకు చేరవేయు దళమున చేరినది. 1941 జనవరి 5వ తేదీన రెండు ఇంజనుల ఆక్స్‌ఫర్డు విమానమును కొనిపోవుచు, చెడువాతావరణమున దారి తప్పి థేమ్స్ ముఖద్వారమున నీటిపాలైనది. రక్షింపబోయి నీటదుమికిన నౌకాధికారి వాల్టర్ ఫ్లెచరును మరణించెను. ఆమె దేహము దొరకలేదు. జేసన్ మాత్రము లండనులోని సైన్స్ మ్యూజియమున నేటికిని కలదు.