బర్త్ సర్టిఫికెట్‌లో ఆ ఒక్క మాట తీసేయించారు.. ఎవరీ ఎడ్నా గ్లాడ్నీ?

బర్త్ సర్టిఫికెట్.. స్కూల్లో చేరాలంటే కావాలి, ఉద్యోగానికి కావాలి, పాస్‌పోర్ట్‌కు కావాలి. అలాంటి కాగితం మీద 'అక్రమ సంతానం' అని రాసి ఉంటే ఆ బిడ్డ పరిస్థితేంటి? దాదాపు 90 ఏళ్ల కిందట అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఇదే జరిగేది. పెళ్లి కాని తల్లికి పుట్టిన పిల్లల రికార్డుల్లో ఆ ముద్ర పడేది. తప్పు ఎవరిదైనా శిక్ష మాత్రం పిల్లలకే! ఆ మాటను చట్టం చేయించి మరీ తీసేయించిన మహిళే ఎడ్నా గ్లాడ్నీ.

తండ్రి పేరు లేని పుట్టుక

1886 జనవరి 22న అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఎడ్నా పుట్టారు. అప్పటికి ఆమె తల్లికి 17 ఏళ్లే. పెళ్లి కాలేదు. తర్వాత తల్లి కాలీ అనే ఇంటిపేరున్న వ్యక్తిని పెళ్లి చేసుకోవడంతో ఎడ్నాకూ ఆ ఇంటిపేరే వచ్చింది. అంటే, ఏ ముద్ర మీద ఆమె తర్వాత పోరాడారో ఆ ముద్ర నీడలోనే ఆమె కూడా పుట్టారన్నమాట.

ఆరోగ్యం బాగోలేకపోవడంతో టీనేజ్‌లో ఆమెను టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌కు, బంధువుల ఇంటికి పంపించారు. మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ పక్కనే ఉన్న ఊరు ఇది. అక్కడే శామ్ గ్లాడ్నీ పరిచయమయ్యారు. 1906లో ఇద్దరూ పెళ్లి చేసుకుని క్యూబాలోని హవానా వెళ్లారు. అక్కడే పెద్ద దెబ్బ తగిలింది. ఎడ్నా గర్భవతి అయ్యారు కానీ, పిండం గర్భసంచి బయట పెరిగింది. ఆమె ప్రాణం దక్కింది.. కానీ ఇక పిల్లలు పుట్టే అవకాశం లేకుండా పోయింది.

పూర్ ఫామ్‌లో కనిపించిన పిల్లలు

కొన్నేళ్లకు భార్యాభర్తలు డాలస్‌కు ఉత్తరాన ఉన్న షెర్మన్ అనే ఊరికి మారారు. శామ్ అక్కడ పిండి మిల్లు నడిపారు. ఎడ్నా ఊళ్లోని మహిళా సంఘంలో చేరారు. ఆ సంఘం సభ్యులతో కలిసి ఓసారి కౌంటీ నడిపే పూర్ ఫామ్‌ను చూడటానికి వెళ్లారు. పూర్ ఫామ్ అంటే దిక్కులేనివాళ్లను ఉంచే చోటు. వృద్ధులు, మతిస్థిమితం లేనివాళ్లు, అనాథ పిల్లలు.. అందరూ ఒకే చోట, మురికిలో!

చూసి వచ్చి ఊరుకోలేదు. ఆ సంఘం ఆడవాళ్లే వెళ్లి ఆ చోటంతా శుభ్రం చేశారు. అక్కడున్న పిల్లలను ఫోర్ట్‌వర్త్‌లోని ఓ ఆశ్రమానికి పంపే ఏర్పాటు చేశారు ఎడ్నా. తూర్పు నగరాల నుంచి అనాథలను రైళ్లలో ఎక్కించి పల్లెలకు పంపే రోజులవి. అలా వచ్చి, ఎవరూ తీసుకోక మిగిలిపోయిన పిల్లలకు ఇళ్లు వెతకడానికి మోరిస్ అనే పాస్టర్ 1887లో మొదలుపెట్టిన పని నుంచే ఆ ఆశ్రమం పుట్టింది.

షెర్మన్‌లో ఎడ్నా చేసిన ఇంకో పని.. కూలికి వెళ్లే తల్లుల పిల్లల కోసం ఉచిత డే నర్సరీ. తల్లి పనికి వెళితే బిడ్డను ఎవరు చూస్తారు? చూసేవాళ్లు లేకపోతేనే కదా బిడ్డను వదులుకోవాల్సి వచ్చేది! ఆ సంగతి ఆమెకు అప్పుడే అర్థమైంది.

జీవితం మొత్తం అక్కడే

1921లో మిల్లు వ్యాపారం దెబ్బతింది. దంపతులు మళ్లీ ఫోర్ట్‌వర్త్ చేరారు. 1927 నాటికి ఎడ్నా ఆ ఆశ్రమం సూపరింటెండెంట్ అయ్యారు. 1935లో ప్రేమికుల రోజునే శామ్ చనిపోయారు. పిల్లలు లేరు, భర్త లేరు. ఎడ్నా మొత్తం సమయం ఆశ్రమానికే ఇచ్చేశారు.

ఆమె ఆశ్రమం పనిని ఓ పద్ధతిలో పెట్టారు. పెళ్లి కాకుండా గర్భం దాల్చి, ఇంట్లోవాళ్లు వెళ్లగొట్టిన అమ్మాయిలకు నీడ, వైద్యం, ప్రసవం.. ఆ తర్వాత బిడ్డకు దత్తత ఇల్లు. ఇటు పిల్లలు లేని దంపతులు. ఎవరి రక్తమో ఏమో అని వెనకాడేవాళ్లు అక్కడా ఉండేవాళ్లు. అలాంటివాళ్లకు నచ్చజెప్పి, బిడ్డకు సరిపోయే ఇల్లు చూసి అప్పగించేవారు. ఆమె చేతుల మీదుగా దత్తత వెళ్లిన పిల్లలు 10 వేల మందికి పైనే.

1936.. ఆ మాట పోయింది

ఇల్లు దొరికినా ఆ ముద్ర మాత్రం పిల్లలను వదిలేది కాదు. సర్టిఫికెట్ చూపించాల్సిన ప్రతిసారీ బయటపడేది. అందుకే ఎడ్నా టెక్సాస్ చట్టసభ సభ్యుల చుట్టూ తిరిగారు. చివరికి 1936లో టెక్సాస్ బర్త్ సర్టిఫికెట్ల నుంచి ఆ మాటను తొలగించారు. దత్తత వెళ్లిన పిల్లలకు కొత్త సర్టిఫికెట్ ఇచ్చే వీలూ వచ్చింది.

అక్కడితో ఆగలేదు. 1951లో దత్తత పిల్లలకు కన్నబిడ్డలతో సమానంగా ఆస్తి హక్కు ఇచ్చే చట్టం కోసమూ పనిచేశారు. పేరుకు పెంచుకోవడం కాదు, పూర్తిగా సొంత బిడ్డే అవ్వాలన్నది ఆమె పట్టుదల.

సినిమాలో ఉన్నది వేరు.. జరిగింది వేరు

1941లో హాలీవుడ్ ఆమె కథతో 'బ్లాసమ్స్ ఇన్ ద డస్ట్' సినిమా తీసింది. ఎడ్నాగా గ్రీర్ గార్సన్ నటించారు. ఉత్తమ నటిగా ఆమె ఆస్కార్‌కు నామినేట్ అయ్యారు. కలర్ సినిమాల విభాగంలో కళా దర్శకత్వానికి ఆస్కార్ వచ్చింది. అయితే సినిమాలో ఎడ్నాకు ఓ కొడుకు పుట్టి చనిపోతాడు. దత్తత వచ్చిన చెల్లి ఆత్మహత్య చేసుకుంటుంది. ఇవి రెండూ కల్పితమే. అసలు ఎడ్నాయే పెళ్లికాని తల్లికి పుట్టారన్న నిజం మాత్రం తెరమీద ఎక్కడా లేదు!

ఈ కథకు రెండో వైపు కూడా ఉంది. ఆ కాలంలో దత్తత అంటే అంతా గుట్టే. కన్నతల్లికి బిడ్డ ఎక్కడుందో తెలిసేది కాదు, బిడ్డకు తల్లి ఎవరో తెలిసేది కాదు. పరువు కాపాడటానికి మూసిన ఫైళ్లే తర్వాత గోడలయ్యాయి. పెద్దయ్యాక తమ అసలు బర్త్ రికార్డులు చూపించాలంటూ దత్తత వెళ్లినవాళ్లు అమెరికాలో ఉద్యమాలే చేశారు. ముద్ర తీసేయడం ఒక న్యాయం, మూలం తెలియడం ఇంకో న్యాయం. మొదటిది ఎడ్నా సాధించారు. రెండోదాని కోసం పోరాటం ఆమె తర్వాతి తరాలది.

చివరిదాకా అదే పని

ఆశ్రమం 1950లో ఎడ్నా గ్లాడ్నీ హోమ్‌గా మారింది. 1957లో టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ ఆమెకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1960లో అనారోగ్యంతో బాధ్యతల నుంచి తప్పుకున్నారు. 1961 అక్టోబర్ 2న, 75 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆమె పేరుతో దత్తత సంస్థ ఫోర్ట్‌వర్త్‌లో ఇప్పటికీ నడుస్తోంది.

సొంత బిడ్డను ఎత్తుకునే అదృష్టం ఆమెకు దక్కలేదు. కానీ ఆమె చేతుల మీదుగా వెళ్లిన పిల్లలు స్కూల్లో చేరేటప్పుడు తలదించుకోవాల్సిన పని లేకుండా పోయింది. ఎందుకంటే వాళ్లు చూపించే కాగితం మీద ఆ మాట లేదు.