రాచకొండ సింగభూపాలుడు

హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాజమార్గమున చౌటుప్పల్ ఒక మజిలీ. సెలవు దినములలో అక్కడినుండి దక్షిణముగా తిరిగి, సంస్థాన్ నారాయణపురము మీదుగా రాచకొండ గుట్టలకు పోవు యాత్రికులు కొందరు కలరు. రెండు దినములు తీరిక చేసికొన్నవారు దేవరకొండను, భువనగిరిని కూడ చూచి వత్తురు. రాచకొండలో దారి చూపువాడు బండరాళ్ల నడుమ నిలిచిన ద్వారములను చూపును. సున్నమన్నది లేక రాతిమీద రాయి పేర్చిన ప్రాకారములను, ఏకశిలాస్తంభములపై అడ్డముగా నిలిపిన రాతి దూలములను చూపును. ఇది సర్వజ్ఞ సింగభూపాలుని కోట యని చెప్పును. కొంచెము చదువుకొన్న యాత్రికుడు పోతన భోగినీ దండకమును, శ్రీనాథుని రాకను తలచుకొని తృప్తిపడును.

పొరపాటు అక్కడనే జరుగుచున్నది. ఆ కథలలోని సింగడు వేరు. రసార్ణవసుధాకరము వ్రాసిన సింగడు వేరు. మనుమని కీర్తి తాతను కప్పివేసినది.

రేచెర్ల పద్మనాయకుల వంశమున పేర్లు తిరిగి తిరిగి వచ్చుచుండును. సింగమ, అనపోత, మాద అను మూడు పేర్లతోనే నూరేండ్ల చరిత్ర నడచినది. 1323లో ఓరుగల్లు పడిపోయిన పిమ్మట, కాకతీయుల కొలువున కత్తి పట్టిన నాయకులందరు ఎవరి దుర్గమున వారు ప్రభువులైరి. వారిలో నొకడైన మొదటి సింగమనాయకుడు, శత్రువుల చెరలో చిక్కిన బంధువును విడిపించుటకై జల్లిపల్లి కోటను ముట్టడించెను. యుద్ధమున కాదు, వంచనచే అక్కడ ప్రాణము కోల్పోయెను. ఆతని కొడుకులు అనపోతానాయకుడు, మాదానాయకుడు 1361 ప్రాంతమున తండ్రి పగ తీర్చుకొనిరి. అనపోతానాయకునకు అన్నమాంబయందు జన్మించిన కుమారుడే మన కథానాయకుడు. తాత పేరు మోసినవాడు. పగయు ప్రతిపగయు నిత్యకృత్యమైన ఇంట పెరిగినవాడు.

ఆ వంశమువారి పాత నెలవు ఆమనగల్లు. అనపోతానాయకుడు రాచకొండను రాజధాని చేసికొనెను. ఆ గుట్టలలో నిలిచి చూచినవారికి కారణము వేరుగ చెప్పనక్కరలేదు. కొండవరుసయే కోటగోడ. పడమటి దిక్కున గోలకొండ అప్పటికే బహమనీ సుల్తానుల వశమైనది. దానిని వారికి ధారపోసినవాడు ఓరుగంటి కాపయనాయకుడు. తుగ్లకు సేనలనుండి 1336లో ఓరుగల్లును విడిపించిన వీరుడే ఆతడు. ఆ వీరుని భీమవరము యుద్ధమున అనపోతానాయకుడు ఓడించి చంపెను. 1369 నాటి అయినవోలు శాసనమున ఆంధ్రదేశాధీశ్వరుడను బిరుదు వహించెను. ఓరుగల్లు, భువనగిరి రాచకొండవారి చేతికి వచ్చినవి. దక్షిణమున దేవరకొండ మాదానాయకుని సంతతికి చెందినది. నేటి యాత్రికుడు రెండు దినములలో చుట్టివచ్చు మూడు దుర్గములు ఆ విధముగా ఒక్క ఇంటివారివైనవి. తెలుగువారిని విడిపించిన తెలుగువానిని చంపి కట్టుకొన్న రాజ్యమది. ఆ సంగతిని దాచి పద్మనాయకుల చరిత్ర చెప్పుట న్యాయము కాదు.

సింగభూపాలుడు యువరాజుగ నున్న కాలముననే ఆతని పేరు దూరదేశములకు పాకినది. శ్రీరంగమునుండి వేదాంతదేశికులు ఈ రాచకొండ కుమారునికై సుభాషితనీవిని, రహస్యగ్రంథములు కొన్నింటిని పంపిరని శ్రీవైష్ణవ సంప్రదాయము చెప్పుచున్నది. దేశికులు 1369లో పరమపదించిరి గనుక, ఆ మాట నిజమైనచో సింగభూపాలుడు కత్తితోపాటు తాళపత్రమును కూడ చిన్ననాడే పట్టినాడనవలెను.

1384 ప్రాంతమున ఆతడు రాజ్యమునకు వచ్చెను. వింధ్యకును శ్రీశైలమునకును నడుమనున్న భూమినెల్ల పాలించుచున్నట్లు తన గ్రంథమున చెప్పుకొనెను. రాజుల మాటలలో కొంత అతిశయముండును. వింధ్యవరకు రాచకొండ అధికారము సాగెనని చరిత్రకారుడెవ్వడును ఒప్పుకొనడు. నిజముగ ఆతని చుట్టునున్నది వేరు దృశ్యము. తూర్పున కొండవీటి రెడ్లు. కృష్ణకు ఆవల విజయనగరము. పడమట బహమనీలు. ముగ్గురిలో ఎవరితోనో ఒకరితో చెలిమి చేయక బ్రతుకు లేదు. రాచకొండ బహమనీల చెలిమిని ఎన్నుకొన్నది. విజయనగరపు సేనలు నదిని దాటి వచ్చినప్పుడు కొత్తకొండయొద్ద గొప్ప యుద్ధము జరిగినది. సాళువ రామదేవుడు అక్కడ నేలకొరిగెను. ఆ పోరాటములు ఒక విజయముతో ముగియలేదు. శతాబ్ది చివరకు పానగల్లు దుర్గము రాచకొండవారి చేజారినది. ఆనాడు ఆ చెలిమి రాజ్యమును నిలిపినది. తరువాతి తరమున ఆ చెలికాండ్రే రాజ్యమును మ్రింగిరి. దూరదృష్టి లేకపోయెనని ఇప్పుడు సులభముగ అనవచ్చును. గుట్టమీద నిలిచి మూడు దిక్కుల ధూళి చూచినవానికి అది అంత సులభము కాదు.

ఇట్టి జీవితము గడపినవాడు వ్రాసిన గ్రంథము రాజనీతినిగూర్చి కాదు, యుద్ధతంత్రమునుగూర్చియు కాదు. నాటకమునుగూర్చి! రసార్ణవసుధాకరము మూడు విలాసముల గ్రంథము: రంజకోల్లాసము, రసికోల్లాసము, భావకోల్లాసము. మొదటిదానిలో నాయికానాయకులు, వారి చేష్టలు, రీతివృత్తులు. రెండవదానిలో సంచారిభావములు, స్థాయిభావములు, రసములు. మూడవదానిలో దశరూపకముల నిర్మాణము. భరతుడు చెప్పిన ఎనిమిది రసములనే ఆతడు ఒప్పుకొనెను. ధారానగరపు భోజరాజు క్రొత్తగ చేర్చిన భావములను ఒక్కొక్కటిగ పరిశీలించి త్రోసివేసెను. భోజుడు రాజు, తానును రాజే. మూడు వందల యేండ్ల ఎడముతో ఇద్దరు రాజులు రసముల సంఖ్యపై వాదించుకొనుట మన వాఙ్మయమున అరుదైన ముచ్చట. ఈ వాదమునకు సైన్యముతో పనిలేదు. అందుచేతనే కాబోలు ఆతడు ఇచ్చట ఎవ్వరితోను సంధి చేసికొనలేదు.

పండితులు వ్రాసి రాజుల పేర చెల్లించుట మన దేశమున లేని ఆచారము కాదు. ఈ గ్రంథమునకును ఆ శంక తప్పలేదు. ఆతని కొలువున విశ్వేశ్వరకవి వంటి ఆలంకారికుడుండుటయే శంకకు మూలము. విశ్వేశ్వరుడు చమత్కారచంద్రికయను గ్రంథమున, కావ్యమునకు చమత్కారమే ప్రాణమని చెప్పి, గుణము, రీతి, రసము, వృత్తి, పాకము, శయ్య, అలంకారము అను ఏడింటిని దానికి కారణములుగ నిరూపించెను. ఉదాహరణములలో సింగభూపాలుని పొగడెను. విశ్వేశ్వరుని శిష్యుడు పశుపతి నాగనాథుడు మదనవిలాసమను భాణమును రచించెను. ఇంత పండితమండలి నడుమ కూర్చున్న రాజు వారి సాయము పొందియుండవచ్చును. కాని శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరమునకు సంగీతసుధాకరమను వ్యాఖ్యయు, రత్నపాంచాలికయను నాటికయు ఆతని పేరనే యున్నవి. శాస్త్రమొకటి, వ్యాఖ్యయొకటి, నాటికయొకటి, మూడును పరులవే యనుట శంకను అతిగ సాగదీయుట యగును.

రత్నపాంచాలికకే కువలయావళి యని మరియొక పేరు. నాలుగంకముల నాటిక. కువలయావళి భూదేవి బిడ్డ. నారదుడు ఆమెను ద్వారకకు తెచ్చి రుక్మిణి చేతిలో పెట్టును. ఆమె వ్రేలనున్న ఉంగరమొకటి వింత చేయును. ఆడువారికి ఆమె కన్నెపిల్లగనే కనబడును. మగవారి కన్నులకు రత్నములు చెక్కిన బొమ్మగ మాత్రమే తోచును. ఉంగరము జారిననాడు శ్రీకృష్ణుని యెదుట బొమ్మ మనిషియైనది. పిమ్మట రుక్మిణి అలుక, రాక్షసుని అపహరణము, కృష్ణుడు విడిపించుట, చివరకు రుక్మిణియే తన చేతులతో పెండ్లి జరిపించుట: నాటికకు వలసిన అంగములన్నియు అమరినవి. తాను లక్షణగ్రంథమున విధించిన నియమమును తానే పాటించి చూపిన శాస్త్రకారులు ఎందరో లేరు. ఈ నాటికనుండి తీసిన శ్లోకములను రసార్ణవసుధాకరమున ఉదాహరణములుగ చేర్చుకొనెను కూడ.

1399 ప్రాంతమున ఆతని పాలన ముగిసినది. కుమారుడు రెండవ అనపోతానాయకుడు గద్దెనెక్కెను. మనుమడు మూడవ సింగమ పదునైదవ శతాబ్దివాడు. ఆతడే రావు సింగడు. పోతనకును శ్రీనాథునకును సమకాలికుడగువాడు ఆతడే. శ్రీనాథుడు సర్వజ్ఞ బిరుదమునకు చిక్కుపడి చెప్పినాడను ప్రసిద్ధమైన చాటువున వినవచ్చు పేరును రావు సింగనిదే. సర్వజ్ఞ బిరుదము ఇద్దరికిని చెల్లుటచే లోకము ఇద్దరిని ఒక్కరిగ కలిపివేసినది. ఆ మనుమని కాలముననే బహమనీలు తెలంగాణమున బలపడిరి. రాచకొండ రాజధానీత్వము అంతరించినది. ఆ వంశపు శాఖలు చెదరి దక్షిణమునకును తీరమునకును పోయినవి. వెంకటగిరి, బొబ్బిలి, పిఠాపురము, జటప్రోలు సంస్థానాధిపతులు తమ మూలమును రేచెర్ల గోత్రముననే చూచుకొనిరి. వెలుగోటివారి వంశావళిని నేలటూరి వేంకటరమణయ్య 1939లో పరిష్కరించి ప్రకటించిన పిమ్మట, ఏ సింగడు ఏ సింగడో విడదీసి చెప్పుట సుకరమైనది. అయినను కోటలోని దారి చూపువానివరకు ఆ సంగతి చేరలేదు. 2016లో హైదరాబాదు శివారులకు ఏర్పడిన పోలీసు కమిషనరేటుకు రాచకొండ పేరు పెట్టగా, ఆ పేరు క్రొత్తగ వినినవారే ఎక్కువ.

గ్రంథము మాత్రము కొండ దిగి చాల దూరము నడచినది. మల్లినాథసూరి కుమారుడు కుమారస్వామి, ప్రతాపరుద్రీయమునకు వ్రాసిన వ్యాఖ్యలో దానిని ప్రమాణముగ స్వీకరించెను. పదునారవ శతాబ్దిలో బృందావనమున చైతన్యుని శిష్యుడు రూపగోస్వామి నాటకచంద్రికను వ్రాయ పూనుకొని, సాహిత్యదర్పణము భరతుని మతమునకు విరుద్ధమని దానిని చాలవరకు పక్కన పెట్టెను. భరతుని నాట్యశాస్త్రమును, రసార్ణవసుధాకరమును ముందుంచుకొని తన గ్రంథమును కూర్చెను. 1916లో తిరువనంతపుర సంస్కృత గ్రంథమాలలో గణపతిశాస్త్రి దానిని ప్రకటించెను.